గుండె లోపలే ఉంచాను

అలెగ్జాండ్రియా. శవాలకు మందులు పూసి భద్రపరిచే ఇల్లు. గుమ్మంలో గ్రీకు వైద్యుడు థెరోన్, లోపల ఆ పనిచేసే పఖోమ్.

"...కాదనకు పఖోమ్. పాప తల ఒక్క పూట నాకివ్వు. తెరిచి చూసి, మళ్ళీ కుట్టి ఇచ్చేస్తాను."

"బీరు తాగుతారా అయ్యా? కొత్తది. పుల్లబడలేదు."

"బీరొద్దు. అసలు నీకు చేతులెలా వస్తున్నాయయ్యా? నీ కూతురు కదా!"

"ఇంకొకళ్ళకి ఎలా అప్పగిస్తాను? తమీనుకి నా చెయ్యి అలవాటు."

"ఏడవనైనా లేదట నువ్వు."

"వస్తే ఏడుస్తాను. రావట్లేదు. తల మీకెందుకయ్యా? గుండె అడిగినా అర్థముంది. అదైనా ఇవ్వననుకోండి. లోపలే ఉంచాను. ఆ లోకంలో తక్కెడలో తూచేది గుండెనే. నువ్వెవరమ్మా అంటే జవాబు చెప్పేదీ అదే."

"చెప్పదు."

"ఏంటి?"

"డాబామీంచి పడ్డప్పుడు పాపకి దెబ్బ ఎక్కడ తగిలింది?"

"తలకి."

"మరి గుండె?"

"బానే కొట్టుకుంది. చివరిదాకా బానే కొట్టుకుంది."

"నిన్ను గుర్తుపట్టిందా?"

"కాస్త బీరు తాగండయ్యా."

"గుర్తుపట్టిందా, లేదా?"

"వాళ్ళమ్మని చూసి 'ఎవరు' అంది. నన్ను చూసి అదీ అనలేదు."

"నేను గొంతు చించుకునేది అదేనయ్యా! మాట, జ్ఞాపకం, మనిషిని పోల్చుకోవడం, అన్నీ తలలోనే. మా గురువులూ గుండే అన్నారు. నేను తెరిచి చూశాను. నరాలు బయల్దేరేది తలలోంచి. పాప తల చూస్తే, ఎక్కడ దెబ్బ తగిలితే మాట పోతుందో తెలుస్తుంది. రేపు ఇంకో పిల్ల బతకొచ్చు."

"ఊళ్ళో మిమ్మల్ని చూసి నవ్వుతున్నారు, తెలుసా?"

"నవ్వనీ."

"తలలో ఉండేది గుజ్జయ్యా. ముక్కులో చీమిడి తయారయ్యేది దాంట్లోంచే. మా తాత చెప్పాడు, మా నాన్న చెప్పాడు. కొక్కెంతో ముక్కులోంచి లాగి అవతల పోస్తాం."

"మీ తాతా తప్పే, నాన్నా తప్పే. నీ తమీను ఆ గుజ్జేనయ్యా."

"మళ్ళీ చెప్పండి."

"నిన్ను 'నాన్నా' అని పిలిచింది ఆ గుజ్జే. అలిగిందీ అదే, నవ్విందీ అదే. గుండెకి నువ్వెవరో కూడా తెలీదు. చాలా?"

"చాలు."

"కోపమొచ్చిందా?"

"రాలేదు. ఏదీ రావట్లేదన్నాను కదా."

"అందుకే పరుగెత్తుకొచ్చాను. నువ్వు కొక్కెం పెట్టకముందే..."

"పొద్దున్నే పెట్టానయ్యా."

"అయ్యో! పారబోశావా?"

"ఇంకా లేదు. కుండలోనే ఉంది."

"బతికించావు! పట్రా. ముక్కలైనా పరవాలేదు, ఏదో ఒకటి కనబడుతుంది."

"తెస్తాను. పక్కబల్ల మీది ముసలాయనదీ, ఆ మూలబల్ల మీది పడవవాడిదీ అందులోనే వేశాను, ఎప్పట్లాగే. కలిసిపోయాయి. ఏది మా తమీనో మీరే కాస్త పోల్చిపెట్టండయ్యా."