చిమ్నీకి తొడిగిన టోపీ

జమ్మలమడుగు బస్టాండు ఎదురుగా నబీ రసూల్ టీ అంగట్లో, బెంచీ మీద కూర్చుని సాల్మన్ రాజు పసిబిడ్డ టోపీ అల్లుతాండాడు. ముప్పై ఏండ్లు లారీ స్టీరింగు తిప్పిన చేతులవి. ప్రొద్దుటూరు ఆస్పత్రి నుంచి మనవరాల్ని ఈ సాయంత్రమే ఇంటికి తెస్తాండారు. నెల ముందే పుట్టిన బిడ్డ, తలకు చలి తగలకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అంగట్లో కొన్న టోపీలన్నీ గడ్డం దాకా దిగిపోతాండాయి. ఇది మొదలుపెట్టిన భార్య హెప్సిబా చెయ్యి విరిగి కట్టుతో ఉంది. "నేను ముగిస్తా లే మే" అని మాటిచ్చేసినాడు. అప్పట్నుంచీ ముగుస్తాదో లేదోనని ఒకటే గుబులు. గుబులు పుడితే ఆయనకు నోరాగదు.

"ఏంది మామా, సూదులకు వైర్లుండాయి?" అన్నాడు పక్కనున్న నారాయణ.

"అదే విద్యప్పా! ఒక్కో సూదికి రెండు మొనలు, నడుమ వైరు. సగం కుట్లు దీని మీద, సగం దాని మీద. ఏ సూది కుట్లు ఆ సూదితోనే అల్లల్ల. గుండ్రంగా గొట్టం మాదిరి వచ్చేస్తాది. మా ఆమె సగం చెప్పేలోపే నాకు పట్టుబడింది."

"సగానికే?"

"ఇనప్పా! మర్నాటికి నా చెయ్యి ఎంత జోరుగా ఆడిందంటే సూదులు కాలి, వాటితోనే బీడీ ముట్టించుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెల్సా? వేంపల్లెలో ఒకాయన బోరు పైపుకు తొడుగు అల్లమన్నాడు. కూర్చున్న చోట్నించి లేవకుండా పూర్తి చేసిచ్చినా. ఆ మాట ఎర్రగుంట్లకు పోయింది. చిమ్నీ ఉంది గదా, సిమెంటు ఫ్యాక్టరీది..."

"దానికీ టోపీనా అన్నా?" టీ వడగడతా నబీ రసూల్ అడిగినాడు.

"మరి? పులివెందుల చుట్టుపక్కల గొర్రెలన్నీ బోడి చేసినాం! సూదులంటావా, బోరు రాడ్లు. వైర్లంటావా, కరెంటు టవర్లవి. ఈ సూదినొక లారీ, ఆ సూదినొక లారీ లాగుతాంటే నేను నడుమ నిచ్చెన మీద! నీ టీ జాలీ కంటే బాగా వడగట్టింది పొగను. మూడు దినాలు ఎర్రగుంట్లలో ఆరేసిన బట్టల మీద దుమ్ము పడితే ఒట్టు! దాన్ని ముగించేటప్పుడు పైకెక్కి, ఆకరి కుట్టు ఇట్ల పట్టుకోని, ఇట్ల లాగి..."

టింగుమని నేల మీద ఏదో పడింది.

సూది. మాటల జోరులో దాని కుట్లను కూడా రెండో సూదితోనే అల్లేసినాడు. కుట్లన్నీ అటు చేరి, ఇది ఖాళీ అయి ఊడిపోయింది.

"చిమ్నీ పడిపోయింది మామా," అన్నాడు నారాయణ.

అంగడంతా పకపకమనింది. సాల్మన్ రాజు మాత్రం నవ్వలేదు. బిడ్డ ఆటో దిగేసరికి తలకు తొడగను టోపీ ఉండదేమోనని భయమేసింది. నబీ రసూల్ సూదిని వేడినీళ్లతో కడిగిచ్చినాడు. సాల్మన్ రాజు సగం కుట్లను ఒక్కొక్కటే దాని మీదికి జరుపుకున్నాడు. ఒక్క కుట్టూ జారలేదు.

అంతలో హెప్సిబా ఫోను. "ఆటో ఎక్కుతాండాం. టోపీ ఎంతైంది?"

"అయిపోయినట్టే మే. ఇంగ నాలుగు వేళ్ల కొలతుంది, అంతే!"

నారాయణ వంగి టోపీ మీద వేళ్లు పెట్టి చూసినాడు. ఇంకా ఎనిమిది వేళ్ల కొలత మిగిలే ఉంది.

"ఫోను పెట్టి అల్లు మామా," అన్నాడు.