కుట్లు వేసేముందర

అయినా ఈ గుడ్డ అడ్డం కట్టేదెందుకు తల్లీ? అరవై ఎనిమిదేండ్లు నాతో తిరిగిన చెయ్యి. అవతల ఏమి జరుగుతాందో నాకు తెలియొద్దా? పెండ్లిపీటల మీద పట్టినట్ల తెర పట్టినారే!

భయమా? నాకా? ఎమ్మిగనూరులో మగ్గాల నరసన్న అంటే ఎవరనుకున్నావు డాక్టరమ్మా! ఒక్క పగల్లో రెండు చీరలు మగ్గం మీంచి కోసి దించినోన్ని. మగ్గంలో నా నాడె అటూ ఇటూ పోతాంటే ఆ గాలికి ఎదురింట్లో దీపం ఆరిపోయేది. ఈ ఆదోని నుంచే సావుకార్లు చూసేకి వచ్చి, నోట్లో వక్క నమిలేది మర్సిపోయినారు. అడుగు, యాడన్నా అడుగు.

వణుకుతాండేది నేను కాదు. బల్ల. ఏసీ చలికి బల్ల వణుకుతాంది.

చంకలో సూది వేసినప్పటి నుంచి చెయ్యి ఉందో లేదో తెలియడం లేదు. ఉందా? ఉంది కదా? సరే సరే. ఊరికే అడిగినా.

మొన్న చీకటి గదిలో నా చేతి మీది గడ్డ కింద టార్చి పెట్టినావు చూడు, ఆ పొద్దే నా గుండె జారిపోయింది. మా వీధి సుగుణమ్మకు మణికట్టు మీద గడ్డ లేస్తే, టార్చి పెట్టంగానే కోడిగుడ్డు లెక్క ఎర్రగా వెలిగిందంట. లోపల నీళ్లే, భయం లేదన్నారంట. నాది వెలగలే. నువ్వు అటు తిప్పినావు, ఇటు తిప్పినావు. ఊహూ!

"గట్టిగడ్డ నాయనా. చేతిలో లేచే గడ్డలు శానా మటుకు కేన్సరు కాదు. అయినా తీసి పరీక్షకు పంపాల" అన్నావు. 'కాదు' అన్న మాట ఈ చెవిలో దూరి ఆ చెవిలో బయటికి పోయింది. దానికి ముందర మాట మాత్రం ఇంకా ఈడనే కూర్చోనుంది.

మాకేమో, నేతగాని అరచేతిలో గట్టిగా ఏది లేచినా అది పనికి కాసిన కాయే. కాయకు ఎవరన్నా ఆసుపత్రికి పోతారా? పిల్లనిచ్చేటప్పుడు మా మామ నా మొగమే చూడలే, అరచెయ్యి తిప్పి చూసినాడు. అందుకే చూపుడువేలు మొదట్లో శెనగ్గింజంత లేచినప్పుడు నేను మీసం తిప్పినా. కొత్తగా మగ్గమెక్కినోళ్లను పిలిచి, "నొక్కి చూడండ్రా, పనోడంటే ఇదీ" అన్నా. వాళ్లు కండ్లకద్దుకున్నారు, నీ మీదొట్టు! అది రేగ్గాయంత అయ్యింది. అప్పుడన్నా బుద్ధి రావాల కదా?

ఏమీ? గడ్డ మీద ఆ పాత మచ్చనా? చెప్పినా కదమ్మా, ఆదోని కొండల్లో ఎలుగుబంటి. ఒంటిచేత్తో దాని దవడ పట్టుకోని గిరగిరా మూడు సుట్లు తిప్పి... పోయినసారి రెండన్నానా? రెండే అనుకో. పండ్లు దిగింది మాత్రం ఆడనే.

ఎందుకు నవ్వరు మీరిద్దరూ? ఈ నర్సమ్మ మొన్న ఇదే కథకు పడిపడి నవ్వింది.

పళ్లెంలో ఏదో పడిందే. అదేనా? ఏదీ, ఇట్ల చూపించు. అయ్యో, ఇంతేనా! తడిపిన పసుపుముద్ద లెక్కుంది. దీనికా నేను నాలుగు దినాల నుంచి ముద్ద మింగలేక చచ్చింది? సీసాలో వేసి చీటీ అంటించమ్మా, జాగ్రత్త.

ఏందీ, అయిపోయిందా? కుట్లు వేస్తాండావా?

ఆగు. ఆగు తల్లీ. ఆ సూది పక్కన పెట్టు.

ఆ పొద్దు నువ్వు అడిగినావు, "ఇంతకుముందు ఎవరితోనన్నా ఈ గడ్డ కోయిచ్చుకున్నావా" అని. మొదటిసారైతే గడ్డ వరకు తీస్తే చాలు, కోసినాక మళ్లా లేచిందంటే మాత్రం నరం పొర వెంబడి లోపలిదాకా వెతికి మొదలంటా తీయాల అన్నావు. నాకు వేలు పోయినట్లే అనిపించింది. చూపుడువేలు లేకుంటే తెగిన పోగు అతికేదెట్ల? "ఎవరూ కోయలేదమ్మా" అన్నా. కాగితం మీద సంతకమూ పెట్టినా.

ఎలుగుబంటి లేదు. నేను దాన్ని బొమ్మలో తప్ప చూల్లేదు తల్లీ.

రెండేండ్ల కింద కౌతాళంలో ఉచ్చీరప్ప అని, ఎద్దులకు లాడాలు కొట్టేటోడు, ఒక ఎద్దు మెడ మీద కంతి కోస్తాండాడు. పదిమంది నిలబడి చూస్తాండారు. నా నోరు ఊరుకుంటుందా? "నాదీ కోయప్పా, ఎద్దుకంటే తక్కువనా నేను?" అని చెయ్యి చాపినా. కోసినాడు. అరిస్తే పరువు పోతుందని గొంతెత్తి పదాలు పాడినా. సగం వచ్చింది, సగం లోపలే ఉండిపాయె. ఆర్నెల్లకు మళ్లా లేచింది. నా పెండ్లాం తిప్పమ్మకు కూడా చెప్పలే. పిచ్చిది, ఇప్పుడు బయట కూర్చోని ఆ ఎలుగుబంటికి శాపనార్థాలు పెడుతుంటాది.

తిట్టు తల్లీ. ఎంత తిట్టినా పడతా.

మళ్లా కత్తి అడిగినావు కదా. వినపడింది.

వేలు నిలబడుతుందా అని అడగను. లోపల చూస్తే గదా నీకైనా తెలిసేది. కోయి. అది ఎంత లోపలికి పోయిందో అంత లోపలికీ పో.

నేనింక మాట్లాడను.