వైర్‌లెస్‌లో వినబడిన ‘కానీ’

సభాధ్యక్షులైన కమాండర్‌గారికి, నాకు తుపాకీ పట్టడం నేర్పిన పెద్దలకి, నాతో ఒకే గ్లాసులో టీ పంచుకున్న మిత్రులకి, వెనక వరసలో అప్పుడే ఆవలిస్తున్న కొత్త కుర్రాళ్ళకి నమస్కారం. నేను క్లుప్తంగా ముగిస్తానని మా ఆవిడ మీ అందరికీ మాటిచ్చిందట. ఆవిడ మాట ఆవిడది. (నవ్వులు)

ఇందాకటి వక్తలు ఇవాళ రిటైరవుతున్న ఈ సుబేదారు శౌర్యం గురించి చెబుతుంటే, ఎవరబ్బా ఈయన, ఒకసారి చూడాలి అనిపించింది. నాకు గుర్తున్నదల్లా ఒక పొగమంచు. కొండ దారిలో వంతెన మీద కాపలా. తెల్లవారి చాలాసేపైనా ఎండ జాడ లేదు. వంతెన సగం దాకా ఉంది, తర్వాత లేదు. నది చప్పుడు కిందనుంచి కాక ఆకాశంలోంచి వస్తున్నట్టుంది. కాళ్ళ దగ్గర మంచు పేరుకుని నా బూట్లు నాకే కనబడక, నిలబడ్డానో తేలుతున్నానో తెలియని ఒక హాయి. అవతలి అడవిలో తిరుగుబాటుదారులున్నారని కబురొచ్చినా ఆ హాయి పోలేదంటే నమ్మండి.

అంతలో ఆ తెలుపులోంచి ఒక మనిషి వచ్చాడు. భుజం మీద నల్లగుడ్డ చుట్టిన పొడుగాటి వస్తువు. ఆగమని అరిచాం. నది హోరులో వినబడలేదు కాబోలు, వస్తూనే ఉన్నాడు. కాల్చాలంటే పై అధికారి అనుమతి కావాలి. వైర్‌లెస్‌లో అడిగాను. “అనుమానంగానే ఉంది, కానీ...” అని వినబడింది. ఆ తర్వాత గరగర.

నా పక్కన మా బావమరిది, అప్పటికింకా కాలేదు లెండి, ఇదిగో ముందు వరసలో మీసం దువ్వుకుంటున్నాడే, ఆయనే. “కానీ అన్నారుగా! ఇంకేంటి, కానీ, కానీ!” అంటూ తొందరపెట్టాడు.

చూశారా మన భాష! “అయినా ఆగు” అనబోయినా కానీయే, “మొదలుపెట్టు” అన్నా కానీయే. ఆ రెండింటి మధ్యలోంచి ఒక ప్రాణం తాపీగా నడిచి వస్తోంది. మా నియమాల్లో ఒక వాక్యం ఉంది: సందేహముంటే రెండోసారి అడగాలి. అడిగాను. జవాబొచ్చేలోగా అంత చలిలోనూ చెమటలు పట్టాయి. “కానీ ఆయుధం కళ్ళారా చూస్తేనే కాల్చమన్నానయ్యా! చెవుల్లో ఏం పెట్టుకున్నావు?” అని తిట్లు. అంత కమ్మటి తిట్లు మళ్ళీ వినలేదు.

ఆ మనిషి దగ్గరికొచ్చాక గుడ్డ విప్పించాం. కెమెరా నిలబెట్టే మూడుకాళ్ళ స్టాండు. ఆయన ఫోటోగ్రాఫరు. వెనకాల ఆయన చొక్కా కొస పట్టుకుని, చూపు ఆనని వాళ్ళమ్మ. అంతవరకు ఆవిడ ఉన్నట్టే మాకు తెలియదు. తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుని, “ఇంత వణుకుతోందేం నాయనా, జ్వరమా?” అంది. “చలి అమ్మా” అన్నాను. మా బావమరిది పక్కకెళ్ళి వెక్కివెక్కి ఏడ్చాడు. ఏమోయ్, చెప్పొచ్చా? చెప్పేశాగా! (నవ్వులు)

ఆ తల్లీకొడుకుల్ని మేం కాపాడామన్నారు అందరూ. మమ్మల్ని కాపాడింది మాత్రం ఆ వాక్యమే. అది లేకపోతే ఇవాళ ఈ కుర్చీలో కూర్చునే మొహం నాకుండేది కాదు.

అధ్యక్షులవారూ, కొత్త నియమావళిలో ఆ వాక్యం తీసేస్తున్నారని, వేగం కోసమని, ఇక మీ సంతకమే మిగిలిందని విన్నాను. ఆలస్యం ప్రమాదమే, కాదనను. ఆలస్యమై నా తోటి జవాన్లని పోగొట్టుకున్నవాణ్ణే నేనూ. అయినా జనం మధ్య చేసే యుద్ధంలో మంచులోంచి వచ్చేది చాలాసార్లు ఏ కూరలమ్మేవాడో, ఏ పంతులుగారో. వెనకున్న ఈ కుర్రాళ్ళు రేపు ఆ వంతెన మీదికే వెళ్తున్నారు. నాకు భయంగా ఉంది.

ఇన్నాళ్ళూ నన్ను భరించిన అందరికీ కృతజ్ఞతలు. ఒక్క మాట మిగిలింది, కమాండర్‌గారూ. నిన్న మీ గదికొచ్చి ఆ వాక్యం ఉంచమని అడిగితే “చూద్దాం” అన్నారు. అది అవునో కాదో నాకు తెలియలేదు. అందుకని, అయ్యా, ఇంతమంది ముందు రెండోసారి అడుగుతున్నాను. జవాబు మీరు చెప్పండి, నాకు సెలవు.