ఎలీసమ్మ మాత్రలు

గుంటూరు, 1986 ఎండాకాలం. ఆసుపత్రిలో గుండె డాక్టరు జయరావు గది. ఎదురుగా నర్సు మల్లేశ్వరి. ఎలీసమ్మ పెద్దకూతురు చనిపోయి గంటైంది.

“ఆమెకి చెప్పొద్దు మల్లేశ్వరీ.”

“ఏం చెప్పొద్దు సార్? సంతోషకుమారి పోయిందని ఆవిడకి తెలుసుగా. బయట బల్ల మీద కూర్చుంది.”

“పోయిందని కాదు. ఎందుకు పోయిందో.”

“తల్లి తన మాత్ర వేసిందనా? అదీ గుండె దడకేగా సార్. మీరు రాసిందేగా.”

“తల్లి గుండె వేరు. ఈ పిల్ల గుండెలో పుట్టుకతోనే కరెంటుకి ఇంకో దారుంది. దొడ్డిదారి. నిరుడు ఈసీజీలో చూసి, ఆ దారిని మందగింపజేసే మాత్ర వేరే రాశాను. తల్లి మాత్ర అసలు దారికి అడ్డం పడుతుంది. పక్కన గండి ఉండగా కాలవ తూము మూశావనుకో, నీళ్లెటు పోతాయి?”

“గండికే పోతాయి.”

“పోయాయి. నిమిషానికి మూడొందలసార్లు కొట్టుకుంది. మనం చెయ్యి వేసేలోపే...”

“ఒకళ్ల మాత్ర ఒకళ్లు వేసుకోకూడదని వాళ్లకి చెప్పారా సార్?”

“ఆ రోజు ఓపీలో ఎంత జనం!”

“చెప్పారా?”

“చెప్పలేదు.”

“అయితే ఈ దాచటం ఆవిడ కోసమా, మన కోసమా?”

“చేతులారా బిడ్డని చంపుకున్నానని తెలిస్తే ఆ తల్లి బతుకుతుందా? లోపలికి పిలువు.”

“రా ఎలీసమ్మా, డాక్టరుగారు రమ్మంటున్నారు.”

“కూర్చోమ్మా.”

“కూర్చోలేనయ్యా. ఒక్కమాట అడిగి పోతాను. దాని మాత్రలు అయిపోయి నాలుగు రోజులైంది. ఇక్కడి షాపుల్లో లేవన్నారు, బెజవాడ నించి రావాలన్నారు. పొద్దున యార్డులో మిరపకాయల తొడిమలు తీస్తా తీస్తా రొమ్ము పట్టుకుంది. ‘అమ్మా, దడ’ అంది. నా మాత్రలు కొంగు ముడిలో ఉన్నయ్. రెండు వేశా. యార్డులో మాకు మామూలేనయ్యా. తలనొప్పి బిళ్లయినా జ్వరం బిళ్లయినా, ఎవరి కొంగున ఉంటే వాళ్లు తీసిస్తారు.”

“తెలుసమ్మా.”

“కాసేపటికి కళ్లు తేలేసింది. నేనేమన్నా తప్పు చేశానా?”

“లేదు.”

“నా మొహం చూసి చెప్పండయ్యా.”

“నీ తప్పేం లేదమ్మా.”

“సార్...”

“నువ్వుండు మల్లేశ్వరీ.”

“మరి మాత్రెందుకు పట్టలేదయ్యా? ఆలస్యంగా వేశానా? రెండు చాల్లేదా?”

“అదే... అంతే అనుకో. జబ్బు అప్పటికే ముదిరింది. మాత్ర అందుకోలేకపోయింది.”

“అంతేనా! ఇందాకట్నించి నా చెయ్యి చూస్తే నాకే భయంగా ఉందయ్యా. నరుక్కుందామనిపించింది. ఇరవై ఏళ్లు అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఇది. నా తల్లి, నవ్వితే వాకిలంతా వినపడేది... ఇంక నాకెవరు జడేస్తారు?”

“ఏడువమ్మా. ఏడువు.”

“లేదయ్యా, ఏడిస్తే చిన్నది హడలిపోద్ది.”

“చిన్నదెవరు?”

“రెబ్కా. నా రెండో కూతురు. వరండాలో పడుకోబెట్టాను. దానికీ చిన్నప్పట్నించి అప్పుడప్పుడూ దడే. అక్కని చూసినకాడ్నించి మళ్లీ మొదలైంది, రొమ్ము మీంచి చెయ్యి తియ్యట్లేదు. నా మాత్ర ఇద్దామంటే చెయ్యి రాలేదు. మీరు చెప్పారు కాబట్టి ధైర్యమొచ్చింది. ఈసారి ఆలస్యం చెయ్యను. నాలుగు వేస్తా.”

“ఆగు ఎలీసమ్మా! నీకు నేను అబద్ధం చెప్పాను. ఆ మాత్రే నీ బిడ్డని చంపింది.”