పిట్టకు చెప్పి ఇచ్చిన సైకిల్

నా పేరు కడారి సోమమ్మ. భర్త బీరన్న, కాలం చేసి చాలా ఏళ్లయింది. నా వయసు సరిగా తెలియదు, ఆధార్ కార్డులో డెబ్బై మూడు అని ఉంది. ఒకప్పుడు నాట్లకు, కలుపుకు పోయేదాన్ని. ఇప్పుడు ఏ పనీ లేదు. దేవరకొండలో నా కొడుకు హనుమంతు ఇంట్లో ఉంటున్నాను. రెండో తరగతి వరకు చదివాను, ఇప్పుడు రాయడం మరిచిపోయాను. ఈ రోజు 9 అక్టోబర్ 2023, సోమవారం, పగలు పదకొండు గంటలప్పుడు నా అంతట నేనే స్టేషన్‌కు వచ్చాను. ఎవరూ పిలవలేదు, ఎవరూ పంపలేదు.

రాగానే గేటు దగ్గర నిలబడ్డ సెంట్రీని మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడిగాను. తగ్గలేదన్నాడు. ఈ వాంగ్మూలం రాస్తున్న రైటర్ నాగరాణిని చంటిపిల్ల బాగుందా అని అడిగాను. బాగుందన్నది. బల్ల మీద నర్సింగమ్మ వదినె కూర్చుని ఉంది. ఆమె చనిపోయిన రఘుపతి సారు భార్య. షుగర్ ఎలా ఉందని అడిగితే తల ఊపింది. పక్కన ఆమె కొడుకు కమలాకర్ ఉన్నాడు. ఫిర్యాదు ఇచ్చింది అతనే. "మంచిగున్నవా బిడ్డా" అని అతన్నీ అడిగాను. అతను ఫోన్ చూసుకుంటున్నాడు. ఎస్సై గారి కళ్లు ఉబ్బి ఉన్నాయి, నిద్ర పోతున్నారా సారూ అని అడిగాను. అందరినీ అడిగాక, లోపలి గదిలో కూర్చోబెట్టిన నా కొడుకు సంగతి అడిగాను. వాడికి నిన్నటి నుంచి జ్వరం. ఏమైనా తిన్నాడా, గోలీ వేసుకున్నాడా అని అడిగాను.

ఎస్సై గారు, "తిన్నడమ్మా. ఇగ అసలు ముచ్చట చెప్పు" అన్నారు.

అసలు ముచ్చట ఇది. నా కొడుకు రఘుపతి సారు సైకిల్ ఫ్రేమును దొంగిలించలేదు. అమ్ముకోలేదు. దాన్ని ఇంట్లోంచి తీసుకుపోయింది నేను. వాడికి చెప్పకుండా తీసుకుపోయాను.

హనుమంతుకు బస్టాండు వెనక సైకిల్ షాపు ఉంది. పాత ఫ్రేములు కూడబెట్టడం వాడికి పిచ్చి. అన్ని సైకిళ్లవీ కాదు. వెనకటి రోజుల్లో పందేలకు తొక్కిన, సన్నటి ఉక్కు గొట్టాల సైకిళ్లవి మాత్రమే. చక్రాలు, సీటు, గొలుసు ఏవీ ఉండవు, ఒట్టి ఫ్రేము. నేను పడుకునే గదిలోనే గోడకు మేకులు కొట్టి వేలాడదీశాడు. మా కోడలు నవనీత, "గీ బొక్కల గూళ్లను జూస్తె చుట్టాలు చాయ్ గూడ తాగకుంట పోతరు" అనేది. నాకైతే అవి నిద్రలో మీద పడతాయని భయం. మంచం ఇటు జరిపేదాన్ని, అటు జరిపేదాన్ని. ఎటు జరిపినా నెత్తి మీద ఒకటి ఉండేది.

వాడు గొట్టాన్ని గోటితో మీటి, "ఇను అమ్మా, చెంబు మోగినట్టు మోగుతాంది. గిప్పటి సైకిలైతె డబ్బ తీర్గ దబదబ అంటది" అని చెప్పేవాడు. గొట్టాలు కలిసే చోట ఉక్కు తొడుగులు ఉంటాయి. వాటి అంచులను ఎవరో ఆకురాయితో తీగల్లాగా, ఆకుల్లాగా అరగదీశారు. చేత్తో చేసిన పని అని వాడు గంటల తరబడి చూసేవాడు. వాడు షాపుకు పోయాక నేను కొబ్బరినూనె గుడ్డతో ఒక్కొక్కదాన్ని తుడిచేదాన్ని. తుప్పు పడితే వాడు అన్నం తినడని భయం.

రఘుపతి సారు బడిలో ఆటల మాస్టరుగా చేశారు. పడుచుతనంలో హైదరాబాద్‌లో సైకిల్ పందేలు తొక్కారట. అప్పుడు ఒక ఇంజినీరు దేశం విడిచి పోతూ ఉంటే అతని దగ్గర ఇంగ్లండు సైకిల్ కొన్నారు. రిటైరయ్యాక రోజూ సాయంత్రం మా షాపుకు వచ్చి హనుమంతుతో ఆ సైకిల్ ముచ్చటే చెప్పేవారు. ఈ సంవత్సరం జూలై మూడో తారీకున చనిపోయారు. పదకొండో దినాన వాళ్ల చెలక దగ్గర పిట్టకు పెట్టారు. హనుమంతు, నేను ఇద్దరం పోయాము.

అన్నీ విడమర్చి చెప్పమని నాగరాణి అంటున్నది కాబట్టి చెబుతున్నాను. చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ ఇస్తరిలో పెట్టి అందరం దూరం జరుగుతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టేదాకా ఎవరూ తినకూడదు. ముట్టలేదంటే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు ఇంటివాళ్లు ఆ కోరిక తీరుస్తామని గట్టిగా చెప్పాలి.

ఆ రోజు కాకి ముట్టలేదు. కరెంటు తీగ మీద కూర్చుంది, దిగలేదు. జొన్నరొట్టె పెట్టారు, మటన్ పెట్టారు, కల్లు పోశారు. ఎండ ఎక్కింది. సారు మేనల్లుడు మల్లేష్, "మామకు మటన్ల ఉప్పు తక్కువైందేమో" అంటే కొందరు నవ్వారు. కమలాకర్ ముందుకు పోయి చేతులు జోడించాడు. "అమ్మను మంచిగ సూసుకుంటనే బాపూ" అన్నాడు. దిగలేదు. "సమాధి కట్టిస్తనే" అన్నాడు. కాకి ఎగిరి ఇంకో స్తంభం మీదికి పోయింది. అతనికి కోపం వచ్చింది. అందరం వింటుండగా, "ఏందే బాపూ, సైకిల్ మీద పాణం కొట్టుకుంటాందా? సరే, హన్మంతుకిస్త తీయ్. పాణం లెక్క సూసుకుంటడు. ఇగ దిగు" అన్నాడు.

కాకి దిగింది. రొట్టె ముక్క నోట కరుచుకుంది. అందరం దండం పెట్టాము. నర్సింగమ్మ వదినె ఏడ్చింది. ఆ సాయంత్రం వాళ్ల కొట్టంలోంచి సైకిల్ బయటికి తీసి నా కొడుకు చేతికి ఇచ్చారు. వెనక చక్రం గాలి లేక నేలకు అంటుకుపోతుంటే కమలాకరే పట్టి లేపాడు. అది నేను కళ్లతో చూశాను.

హనుమంతు దాని విడిభాగాలు తీసి ఫ్రేమును శుభ్రం చేశాడు. పైన నల్ల రంగు ఉండేది. కొంచెం కొంచెంగా తుడుస్తూ పోతే కింద చిలకపచ్చ రంగు, తొడుగుల అంచుకు బంగారు గీత బయటపడ్డాయి. ఆ రోజు వాడు షాపు తెరవలేదు. నన్ను పిలిచి, "సారుంటె సూస్తుండె అమ్మా" అన్నాడు. ఫోటో తీసి ఫోన్లో పెట్టాడు. ఎక్కడెక్కడి వాళ్లో మెచ్చుకున్నారు. హైదరాబాద్‌లో ఒకాయన ఎంతైనా ఇస్తానన్నాడట. వాడు అమ్మేది కాదన్నాడు. ఆ ఫోటో తిరిగి తిరిగి కమలాకర్ ఫోన్‌కు పోయింది.

మొన్న శనివారం సాయంత్రం కమలాకర్ షాపుకు వచ్చాడు. నేను అక్కడే స్టూలు మీద ఉన్నాను.

"హన్మంతన్నా, బాపు సైకిల్ ఇచ్చెయ్. ఇంట్ల గుర్తుగ పెట్టుకుంట" అన్నాడు.

"అమ్ముకుంటవా, పెట్టుకుంటవా?"

"నా ఇష్టం. నా బాపుది."

"నువ్వే ఇచ్చినవ్ గద తమ్మీ, పిట్టకు చెప్పి."

"పిట్టకు చెప్తె రిజిస్ట్రేషన్ అయినట్టా? ఆకలైతాంది, ఎండ కొడ్తాంది, ఏదో అన్న. గా కాకిని తోల్కరాపో సాక్ష్యానికి."

"నువ్వు మాటిచ్చింది నాకు గాదు, సారుకు. వద్దనుకుంటె సారుకే చెప్పు."

కమలాకర్ కేసు పెడతానని చెప్పి పోయాడు. నాకు భయమైంది. ఆ రాత్రి గోడ వైపు చూస్తూనే ఉన్నాను. పోలీసులు వస్తారు, దాన్ని పట్టుకుంటారు, నా కొడుకును పట్టుకుంటారు అని. అది ఇంట్లో లేకపోతే నా కొడుకును ఎవరూ ఏమీ అనరని అనుకున్నాను. నా బుద్ధికి అంతే తోచింది.

నిన్న ఆదివారం హనుమంతు పాత ఫ్రేము ఏదో ఉందంటే ఎనిమిది గంటలకు మహబూబ్‌నగర్ పోయాడు. కోడలు తన తల్లికి బాగాలేదని పుట్టింట్లో ఉంది. నేను ఫ్రేమును దించాను. నూనె గుడ్డతో తుడిచాను. గొంగట్లో చుట్టి, ఎవరిది వాళ్లకు ఇచ్చేద్దామని నర్సింగమ్మ వదినె ఇంటికి పోయాను. కమలాకర్ ఇంట్లో లేడు. వదినె గొంగడి చూసి గడపలో అడ్డంగా నిలబడింది.

"వద్దు వదినె, దాన్ని లోపలికి తేకు. ఆయన తృప్తిగ తిని పోయిండు. ఇప్పుడు తెస్తె ఇస్తరి ముంగట నుంచి లేపినట్టయితది."

"నీ కొడుకు కేసు పెడ్తనంటుండు. నేనేం జెయ్యాలె మరి?"

"వానికి నేను చెప్పలేను. నాకు గంత దమ్ము లేదు."

తలుపు మూయలేదు, లోపలికి రమ్మనలేదు. ఎండలో ఆ ఫ్రేము పట్టుకుని వీధిలో నిలబడ్డాను. వాళ్లింట్లో పెట్టడానికి లేదు. మా ఇంటికి తీసుకుపోవాలంటే భయం. బస్టాండుకు పోయి నల్లగొండ బస్సు ఎక్కాను. కండక్టరు, "ఏందవ్వా గది, మేకపిల్లనా?" అని అడిగాడు. మేకపిల్ల కాదు బిడ్డా అన్నాను, ఇంకేమీ చెప్పలేదు. నల్లగొండలో బస్సు మారి కేతేపల్లిలో మా చెల్లెలి ఇంటికి పోయాను. ఫ్రేమును నేల మీద పెట్టకూడదని హనుమంతు ఎప్పుడూ అంటాడు, చెమ్మకు తుప్పు పడుతుందట. అందుకని గింజలు పెట్టుకునే గదిలో గొంగడితో సహా దూలానికి చీరపేలికతో కట్టి వేలాడదీశాను. ముడి గట్టిగా ఉందా అని మూడుసార్లు లాగి చూశాను. పొద్దుగూకే వేళకు తిరిగి వచ్చాను. హనుమంతు రాత్రి జ్వరంతో వచ్చి ముందు గదిలోనే పడుకున్నాడు. గోడ చూడలేదు. నేను చెప్పలేదు. పొద్దున చెబుదామనుకున్నాను.

ఈ రోజు పొద్దున ఎనిమిది గంటలకు పోలీసులు, కమలాకర్ మా ఇంటికి వచ్చారు. హనుమంతు వాళ్లను తీసుకుని నా గదిలోకి వచ్చాడు. మేకు ఖాళీగా ఉంది. మిగతావన్నీ ఉన్నాయి, ఆ ఒక్క మేకు ఖాళీగా ఉంది. కమలాకర్, "సూసిండ్రా సార్, అమ్మేసిండు దొంగ" అన్నాడు. హనుమంతు మేకు వైపు చూశాడు. తర్వాత మూలకు పడేసే నా గొంగడి కోసం చూశాడు, అది అక్కడ లేదు. తర్వాత నా వైపు చూశాడు. వాడికి అర్థమైపోయింది. ఫ్రేము ఎక్కడుందని పోలీసులు మళ్లీ మళ్లీ అడిగారు. "తెల్వది సారు" అన్నాడు. నన్ను చూపించలేదు. "తెల్వది సారు" అనే అన్నాడు. తీసింది నేనేనని అప్పుడే చెప్పాల్సింది, భయంతో చెప్పలేదు. వాణ్ని జీపు ఎక్కించాక కూడా చెప్పలేదు. వాడి చెప్పులు వాకిట్లోనే ఉన్నాయి. ఆ చెప్పులు పట్టుకునే ఇక్కడికి వచ్చాను.

నేను చెప్పింది విన్నాక ఎస్సై గారు కమలాకర్‌ను, నర్సింగమ్మ వదినెను నా ముందుకు పిలిచారు.

"పిట్ట దగ్గర గామాట అన్నవా లేదా?" అని కమలాకర్‌ను అడిగారు.

"అన్న సార్. పిట్ట దిగనీకె ఎవరైనా ఏదో ఒకటంటరు. గది కాయితమైతదా?"

"మరి దొంగతనమని ఎట్ల రాసిచ్చినవ్?"

"ఇయ్యమంటె ఇస్తలేడు గద సార్."

ఎస్సై గారు వదినె వైపు చూశారు. ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది.

నేను ఒకటే అడిగాను. ఫ్రేము ఇయ్యనని అనలేదు. నా చేత్తో మాత్రం ఇయ్యను, నా కొడుకు చేత కూడా ఇప్పించను. ఇచ్చిన మనిషే వచ్చి, వాళ్లమ్మ చూస్తుండగా, తన చేత్తో ముడి విప్పి దించుకోవాలి. ఆపైన తండ్రికి ఏం చెప్పుకుంటాడో అతని ఇష్టం. నా కొడుకును ఇంటికి పంపమని అడిగాను. జామీనుకు ఎవరూ లేరు, నేనే ఉన్నాను.

ఎస్సై గారు ఆలోచించి, హనుమంతును ఈ రోజు పంపిస్తామని, పిలిచినప్పుడు రావాలని అన్నారు. అందరం కలిసి కేతేపల్లి పోయి ఫ్రేము చూద్దాం, తనకు శనివారం వీలవుతుందన్నారు. కమలాకర్ సరేనన్నాడు.

అప్పుడు నర్సింగమ్మ వదినె తల ఎత్తింది. "శనివారం పెత్తరమాస బిడ్డా, సచ్చిపోయిన పెద్దల అమాస. బాపు పేరు మీద బియ్యం ఇచ్చేది గా రోజే" అన్నది.

కమలాకర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "సార్, ఇంకో రోజు పెట్టుండ్రి" అన్నాడు.

"ఇంకో రోజు ఎందుకు? గా దినమే పోదాం. నేను గూడ వస్త" అన్నది వదినె. కొడుకు మొహంలోకి చూసే అన్నది.

ఇందులో నేను చెప్పని మాట ఒక్కటి కూడా రాయలేదు. నాగరాణి రెండుసార్లు చదివి వినిపించింది. జరిగింది జరిగినట్టే ఉందని ఒప్పుకుని, ఎవరి బలవంతం లేకుండా ఎడమ బొటనవేలు వేస్తున్నాను.

కడారి సోమమ్మ, నిశాని

కేతేపల్లి పోవలసిన రోజు: 14 అక్టోబర్ 2023, శనివారం, పొద్దున తొమ్మిది గంటలు. అందరూ రావాలి.