మెడలో కట్టుకున్న పుస్తకం

మతద్రోహుల్ని పట్టుకెళ్లే చర్చి బంట్లు బ్రెజిల్‌లోని రియో నగరంలో ఆ మఠం ఉన్న వీధిలోకి వచ్చేశారు. ఒకప్పుడు బంగారు గనుల్లో బానిస, ఇప్పుడు ఆ ఆడవాళ్ల మఠానికి తల్లి అయిన ఆవిడ, తను రాసిన పుస్తకం ఖాళీ అట్ట పట్టుకుని శిష్యురాలి మీద విరుచుకుపడింది.

“కాగితాలేవే? కాల్చెయ్యాలి!”

“దేవుడు నీచేత రాయించినవి కాలుస్తామా అమ్మా? తలా ఒకటి తోలు తాయెత్తులో కుట్టి మెడలో కట్టుకున్నాం. అవే మమ్మల్ని కాపాడతాయి.”

“ఓసి పిచ్చిదానా! తాయెత్తు కనబడితే చాలు, చేతబడి అని చంపేస్తారే! రాసింది నేను, నేనొక్కదాన్నే పోయేదాన్ని. విప్పి పొయ్యిలో పడెయ్యండి!”

“తోలు అంత తొందరగా కాలదు. అయ్యో, తలుపు కొడుతున్నారమ్మా!”

“అయితే అన్నీ నా మెడలో వెయ్యండి.”

“అన్నీనా? నిన్ను బతకనివ్వరమ్మా.”

“గనిలో ఇంతకన్నా బరువులే మోశానే. ఏడవకుండా కట్టు.”