అక్కి ఆరితే కుబుసానికి వస్తా

"అవ్వా, నీ నడుముకు పాము సుట్టుకున్న ముచ్చట సెప్పు. ఫోనులో రికార్డింగు ఆన్ చేసినా. ఈసారి తిట్లు తక్కువ, ముచ్చట ఎక్కువ ఉండల్ల."

తిట్లు తక్కువంట. నువ్వు ఆ పొద్దు చేసిన పనికి తిట్లు కాక హారతి పడతారా మే? సరే, ఆ ఫోను ఇంత దూరం పెట్టు, మూతి మీదికి తేవద్దు. ఊఁ.

యాడ మొదలు పెట్టల్ల... మీ గంగత్త కుబుసం కాడ మొదలు పెడ్తా. కుబుసమంటే మన సీమంతమే. నా బిడ్డ గంగను ఇచ్చింది కౌతాళంలో కన్నడం మాట్లాడే ఇంట్లో గదా, వాళ్ల మాటలో కుబుసమంటే రవిక. కడుపుతో ఉన్న బిడ్డకు పుట్టింటోళ్లు పచ్చ చీర, పచ్చ రవిక, పచ్చ గాజులు తీసుకపోయి, తల్లి ముందుగా గాజులు తొడగల్ల. ఆ తర్వాతనే మిగిలినోళ్లు. మన తెలుగులో కుబుసమంటే పాము ఇడిసేది. మొదట్లో ఆ మాట వింటే నాకు ఒళ్లు జలదరిస్తాండ్య. పెండ్లయి ఎనిమిదేండ్లు, మొక్కని దేవుడు లేడు, ఎక్కని ఆస్పత్రి లేదు, అట్ల లేక లేక నిలిచిన కడుపు. మంత్రాలయంలో మా అక్క పొర్లుదండాలు పెట్టి మోకాళ్లు గీరుకునింది. మా అక్క సంగతి తెల్సు గదా నీకు, ఎవరికి బిడ్డలు కావాలన్నా తనే పొర్లుతాది, తనకేమో నలుగురు మగపిల్లోళ్లు, ఒక్కడూ మాట వినడు... ఏం సెప్తాంటి? ఆఁ, కుబుసం.

ఆదోనికి పోయి చీర తెచ్చినా. రవిక గుడ్డ తెచ్చినా. గాజులు నాలుగు అంగళ్లు తిరిగి తెచ్చినా. నా పెండ్లప్పుడు రూపాయికి చేతి నిండా గాజులు, పైన అంగడాయన ఒక డజను కొసరు. ఇప్పుడు కొసరడిగితే మనల్ని ఎగాదిగా సూస్తారు. సరే, అన్నీ తెచ్చి పెట్టె మీద పెట్టి, మీ తాత మగ్గానికి కండెలు సుడ్తా కూచున్యా. ఎడమ పక్క, ఇదో ఈడ, రొమ్ము కింద నుంచి ఎన్నుపూస దాకా ఏందో సురుకు. సురుకంటే, ఎండుమిరపకాయ నూరిన రోలు కడిగిన నీళ్లు పోసినట్ల. పైన సూస్తే ఏం లేదు. కొత్తగా కుట్టించుకున్న రవిక బిగువైందేమో అనుకొని టైలరు కాడికి పోయి కొట్లాడి వస్తి. ఆయప్ప పాపం కుట్లు ఇప్పి ఇచ్చినాడు. రవిక వదులైంది, మంట వదులు కాలేదు.

ఆ మర్నాడు పొక్కులు లేసినాయి. గుంపు గుంపు, ఎర్రగా, నడుం సుట్టుకొని పోతాండాయి. మీ తాత సూసి, "సర్పి లేసిందిమే" అన్యాడు. మా చిన్నప్పటి నుంచీ ఏం వింటిమి? సర్పి తలా తోకా కలిస్తే మనిషి దక్కదని. నేను అద్దం తెచ్చుకొని తల యాడుంది, తోక యాడుందని సూసుకుంటాండ్య. నువ్వేమంటివి? "అవ్వా, నీ నడుం సుట్టు రావాలంటే ఆ పాముకు బస్సు టిక్కెట్టు కావల్ల" అంటివి. నవ్వు, నవ్వు. నాకు ఆ మంటలోనూ నవ్వొచ్చింది, నవ్వితే ఇంగా నొచ్చింది.

కుమ్మరి ఓబులేసును పిలిపిస్తిమి అక్కి రాయనీకె. అక్కి అన్నా సర్పి అన్నా ఒకటే. ఎర్రమన్ను కలిపి, పొక్కుల సుట్టూ గీత గీసి, పక్కన సింహం బొమ్మ రాస్తారు. సింహాన్ని సూసి పాము పారిపోతాదని. ఓబులేసు కండ్లజోడు మర్సిపోయి వచ్చినాడు. సింహం రాసినా అన్యాడు. నువ్వు వంగి సూసి, "మామా, దీనికి జూలు లేదు, కొమ్ములుండాయి" అంటివి. ఆయన "అవి సెవులు" అన్యాడు. సింహమో మేకపోతో, సల్లటి మన్ను, రోంతసేపు హాయిగుండె. మళ్లా మంట.

మీ నాయన ఊరుకోలేదు, "మన్ను సాలు, డాక్టరుకు సూపిస్తాం పద" అని అప్పుడే బస్సెక్కించినాడు. నువ్వు నా ఎంట వస్తివి. ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా ఆ బస్సు కుదుపుకొకసారి నేను అందరి దేవుండ్లనూ తల్సుకుంటి, దర్గా వస్తే దర్గాకూ మొక్కితి.

డాక్టరమ్మ చిన్న పిల్ల, మన గంగంత ఉంటాది. పైట తీసి సూసి, "ఈ మేక ఎవరు గీసినారమ్మా?" అనింది. నువ్వు నేల సూస్తా నిలబడితివి. ఆయమ్మ నవ్వి, పొక్కుల మీద ఏం పూయొద్దు, సబ్బునీళ్లతో మెల్లగా కడిగి పొడి బట్ట కప్పు, తొందరగా వచ్చినావు మంచి పని చేసినావు, ఈ మాత్రలు ఎంత తొందరగా మింగితే అంత బాగా పనిచేస్తాయి అనింది. మాత్రలు సూస్తే కానుగ గింజంత. "తలా తోకా కలిస్తే..." అని అడిగితి మెల్లగా. "కలవదమ్మా. అది ఒక నరం పట్టుకొని పోతాది, ఆ నరం నడిమి గీత దగ్గర ఆగిపోతాది. నీకు చిన్నప్పుడు అమ్మవారు పోసింది గదా, ఆ పురుగు పోలేదు, ఆ నరంలోనే ఇన్నేండ్లు పండుకొని ఇప్పుడు లేసింది" అనింది.

సూడు మే, ఎన్నేండ్లు. నా ఒంట్లోనే ఉండి, నా తిండే తిని, ఒక్క రూపాయి బాడుగ ఇయ్యకుండ, ఇప్పుడు లేసి నా మీదనే బుస.

అంతవరకు బాగనే ఉంది. ఆ తర్వాత ఆయమ్మ అడిగింది, ఇంట్లో కడుపుతో ఉన్నోళ్లు ఎవరైనా ఉండారా అని. నేను కుబుసం సంగతి సెప్తి. ఆయమ్మ మొగం మారింది. "మీ కూతురికి అమ్మవారు పోసిందా?" అనింది. లేదు. ఇంట్లో మిగిలిన పిల్లోళ్లందరికీ పోసినప్పుడు గంగను మంత్రాలయంలో మా అక్క దగ్గర ఇడిసి వస్తిమి, దానికి రాలేదు. అప్పుడు నేను ఎంత తెలివిగా చేస్తి అనుకుంటి. "అట్లైతే ఈ పొక్కుల నీళ్లు తగిలితే ఆమెకు అమ్మవారు రావొచ్చు, కడుపులో బిడ్డకు మంచిది కాదు. అన్నీ ఆరి పక్కు కట్టేదాకా ఆ ఇంటికి పోవద్దు" అనింది.

కుబుసం వచ్చే వారమే. ఎనిమిదేండ్లు ఎదురుసూసి, నా చేతి గాజు లేకుండ నా బిడ్డకు కుబుసమా? బస్సులో వచ్చేటప్పుడు మంట గుర్తే లేదు నాకు. నువ్వు కూడా నోరు మూసుకొని కూచుంటివి, అంటే సూడు ఎంత కష్టకాలమో.

ఇంటికొచ్చినాక గంగకు సెప్పలేకపోతి. ఏడుస్తాది. వియ్యపురాలికే సెప్దామని శరణమ్మకు ఫోను కొడ్తి. ఇప్పుడు విను, తప్పు యాడ జరిగిందో. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో పాము పేరు ఎత్తగూడదు గదా. అందుకని సర్పి అనకుండ, అక్కి అంటి. మెత్తగా. ఆయమ్మకు తెలియల్లని వచ్చీరాని కన్నడంలో, "వదినా, నన్గె అక్కి బందైతి" అంటి. కన్నడంలో అక్కి అంటే బియ్యమని నాకు ఆ గడియలో తట్టల్యా. బియ్యమొచ్చినాయి అని సెప్పినట్లాయ.

"వళ్లేదాయ్తు, మంచిదే గదక్కా. ఎష్టు ఐతి, ఎంత ఉంది?" అనింది శరణమ్మ.

మంచిదే అంటాదేమి ఈయమ్మ అనుకుంటి. "శానా ఉంది వదినా. ఎడమ పక్కంతా నిండింది."

"ఎడమ పక్క కోణ్యాగా, గదిలోనా? కుడి పక్క ఖాళీ పెట్టుకో, ఇంగా వస్తాది."

"ఇంగా రావల్లనా నీకు?"

"రానీ అక్కా, యాడికి పోతాది. తెల్లదా, ఎర్రదా?"

"ఎర్రగా ఉంది. మంట. ఆరితే కుబుసానికి వస్తా, ఆరకపోతే రాలేను."

"ఆరేదానికేమి, బిసిల్నాగ పరుసు. ఎండలో పరిసి ఒకసారి అటూ ఇటూ కాలితో తిప్పితే ఆరిపోతాది."

నువ్వు అప్పుడే గోడ దిక్కు తిరిగితివి. నేను సూసినా. ఫోను స్పీకరులో ఉండె, నీకు రెండు పక్కలా అర్థమయ్యింది, సదువుకున్నదానివి, ఒక్క మాట అనల్యా.

"డాక్టరుకు సూపిస్తి" అంటి.

"అక్కి డాక్టర్గె యాకె తోరిసిది?" అనింది. బియ్యం డాక్టరుకెందుకు సూపిస్తివని. తర్వాత తన తిక్క మాట, "అంత ఉందంటావు గదా, నమగూ స్వల్ప కళిసు" అనింది.

మాకూ రోంత పంపు అని. నా అక్కి. ఆ మంట, ఆ గాజులు, ఆ దిగులు, అన్నీ ఒక్కసారి నెత్తికెక్కె. "నా పగోళ్లకు కూడా ఇయ్యను, నీకెందుకిస్తా" అని ఫోను పెట్టేస్తి.

ఆడ కౌతాళంలో ఏమయ్యింది? ఎమ్మిగనూరు అక్కకు బియ్యం మూటలు మూటలు వచ్చినాయంట, ఎండకు ఆరితేనే కుబుసానికి వస్తుందంట, ఒక్క పిడికెడు అడిగితే పగోళ్లకు కూడా ఇయ్యనన్యాదంట అని శరణమ్మ ఇల్లంతా సాటింది. కాలువ నీళ్ల కింద మడి చేసేటోళ్లు, గుమ్ములు నిండా బియ్యముండాయి వాళ్లకు, ఆయమ్మ మర్యాదకు అడిగింది. నాకు కోపం, ఆయమ్మకు కోపం. గంగ నడుమ నలిగి ఏడుపు. కుబుసం మాట ఎత్తేటోళ్లు లేరు. నేను రెండు పూటలు అన్నం ముట్టల్యా, మాత్రలు మాత్రం మింగితి, అవి కొనిన డబ్బు మీ నాయనది.

అప్పుడు అల్లుడు బసవరాజు ఫోను చేసినాడు. మంచోడు, నోట్లో నాలుక లేదు. "అత్తా, అక్కి విషయంలో మా అమ్మ బాధపడింది. మా ఇంట్లో అక్కికి కొదువ లేదత్తా, నీది మాకెందుకు" అన్యాడు.

"మీ ఇంట్లో కూడా ఉందా నాయనా?"

"ఉంది గదత్తా. ఏటేటా వస్తాది."

"ఏటేటానా?"

"నీళ్లు బాగుంటే ఏడాదికి రెండుసార్లు."

"అయ్యో నాయనా, గంగను దగ్గరికి రానీవద్దు. వేరే ఇంట్లో పెట్టు దాన్ని."

"అక్కి గుమ్ము మీదనే దిండు పెట్టుకొని పండుకుంటాది అత్తా ఆమె, సల్లగుంటాదని" అన్యాడు.

నేను కండ్లు తిరిగి మగ్గం గుంత అంచున కూలబడ్తి. అప్పుడు గదా నువ్వు, ఓ మహాతల్లీ, నేల మీద పడి దొర్లుతా, నీళ్లు కారుతాండగ ఫోను గుంజుకొని, "మామా, అవ్వకు వచ్చింది బియ్యం కాదు, సర్పసుత్తు" అంటివి. ఆ పక్క నుంచి బసవరాజు నవ్వినాడు. ఆ పిల్లోడు నవ్వగా విన్నది నేను అదే మొదటిసారి. మీ తాత మగ్గం ఆపి నవ్వినాడు. నేను నిన్ను కొట్టనీకె చెయ్యెత్తితే సంక కింద సురుక్కుమనె, అట్ల తప్పించుకుంటివి.

మర్నాడు పొద్దున్నే శరణమ్మ వాకిట్లో దిగింది. ఆయమ్మకు చిన్నప్పుడే అమ్మవారు పోసిందంట, ఆ పక్క బయం లేదు. లోపలికొచ్చి నా మొగం సూసింది, నేను ఆయమ్మ మొగం సూస్తి. ఎవరు ముందు నవ్వినారో తెల్యదు. నవ్వి నవ్వి, పైట పట్టుకొని ఏడ్చింది. "సర్ప అనక్కా, అర్థమాయ్తిత్తు. అక్కి అంటివి" అనింది.

"పాము పేరు నీ కోడలుండే ఇంట్లో ఎట్ల ఎత్తేది వదినా" అంటి.

ఆయమ్మ నా చేయి పట్టుకునింది, కుడిచేయి. తేదీ సంగతి ఎత్తకముందే తనే, "తల్లి గాజు ఏయని కుబుస యాతక్కె, ఎందుకు? నెల దాటకుండ ఇంకో మంచిపొద్దు అడిగి వస్తిని. నీ పాము కుబుసం ఇడవనీ, ఆ పైన నా కోడలికి కుబుసం చేస్తాం" అనింది. కాఫీ పెట్టమని నిన్ను తరిమితి. నువ్వు దాంట్లో ఉప్పేసి తెస్తివి. అది ఇంకో ముచ్చట.

పక్కు కట్టనీకె పొద్దు పట్టింది. నేను రోజూ అద్దం పెట్టుకొని సూడటం, నువ్వు "అవ్వా, పంట కోతకొచ్చిందా" అనటం. అన్నీ ఎండి రాలినాక మళ్లా డాక్టరమ్మకు సూపిస్తే, "పో, నీ బిడ్డను సూసుకో" అనింది.

కౌతాళంలో కుబుసం పొద్దు ఇల్లు నిండా జనం. నేను పోయి వాకిలి దగ్గరనే కూచుంటి. డాక్టరమ్మ పోవచ్చని సెప్పినా నేను లోపలికి పోల్యా. ఒక్క పక్కు పచ్చిగా మిగిలి ఉంటే? నా వల్ల ఏమన్నా అయితే? శరణమ్మ పిలుస్తాది, నేను కదలను. "గాజులు నువ్వే తొడుగు వదినా, నేను ఈడ నుంచి సూస్తా" అంటి.

గంగ అంత కడుపేసుకొని పీట మీంచి లేసింది. అందరూ వద్దు వద్దంటాంటే ఒంగి, గోడ పట్టుకొని నడిసొచ్చి నా ముందర కూచునింది. రెండు చేతులూ సాపింది. గాజులు ఎక్కిస్తాంటే వాపుకు చెయ్యి బిగువు, ఒక గాజు పగిలింది. "పగిలితే ఇంకోటి ఎయ్యి, నేను యాడికీ పోను" అనింది. ఆ పక్క నుంచి శరణమ్మ పాట ఎత్తుకునింది, కన్నడంలో. నాకు సగమే అర్థమయ్యింది, సగం సాలు.

ఇప్పుడా? ఇప్పుడు కూడా మబ్బు పట్టినప్పుడు, సీర అంచు ఒరిసినప్పుడు సురుక్కుమంటాది. నరానికి అలవాటు పోలేదంట, మెల్లగా పోతాదంట. పోనీ. నీకు సెప్పేది ఒకటే, ఒంటికి ఒక్క పక్కన మంటొచ్చి పొక్కు లేస్తే సిగ్గు పడొద్దు, టైలరుతో కొట్లాడొద్దు, ఆ పొద్దే డాక్టరుకు సూపించు. ఏ మాట ఏ ఊర్లో ఏమైతాదో కూడా అడిగి మాట్లాడు...

ఉండు. గంగ కొడుకు లేసినట్లుండాడు. మీ గంగత్త స్నానం చేస్తాంది, నువ్వే తీసుకరా పో. తల కింద చెయ్యి పెట్టు. ఆఁ, అట్ల. ఎడమ పక్క కాదు మే, కుడి పక్కకియ్యి. ఇట్లియ్యి నా బంగారును... సూడు, నిన్ను సూసి నవ్వుతాండాడు, నీ బుద్ధే వచ్చేటట్లుంది వీనికి. రానీలే. నువ్వు పోయిన ఇంట్లో పొయ్యి ఆరకుండ, నవ్వు ఆగకుండ నూరేండ్లు సల్లగుండు తల్లీ. ఆ ఫోను ఇంగ ఆపు, వీడు దాన్నే సూస్తాండాడు...